మందు జిల్లాకొస్తున్నది, సూది ఏది?

క్యాన్సర్ మందుల మీద మన సర్కార్లు మస్తు మాట్లాడుతున్నయి. 2024 జులై బడ్జెట్‌ల కేంద్రం మూడు క్యాన్సర్ మందుల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. అండ్ల ఒసిమెర్టినిబ్, డుర్వాలుమాబ్ అనే రెండు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడేటియే. అదే ఏడు సెప్టెంబర్ల జీఎస్టీ కౌన్సిల్ గా మందుల మీద పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి దించింది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌ల ఇంకో ముచ్చట చెప్పిండ్రు. మూడేండ్లల్ల దేశంల ఉన్న అన్ని జిల్లా దవఖానల్ల డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడ్తరట, మొదటి ఏడాదే 200. మన రాష్ట్రం సంగతి చూస్తే, 2023 డిసెంబర్ల ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిండ్రు.

ఇండ్ల ఏదీ తప్పని నేనంటలేను. పెంచుండ్రి, దించుండ్రి, సెంటర్లు పెట్టుండ్రి. కానీ గీ మందులకు, గా పది లక్షలకు, రేపు వచ్చే సెంటర్లకు అన్నిటికీ ముంగట ఒక కాయితం కావాలె. ఇది క్యాన్సరే, ఫలానా రకం క్యాన్సర్ అని డాక్టర్ సంతకం పెట్టిన ముక్క పరీక్ష కాయితం. బయాప్సీ రిపోర్ట్ అంటరు. అది లేకుంటే కీమో సీసా దించరు, పథకం ఫైలు కదలది. రోగం ఊపిరితిత్తిల ఉంటే గా ముక్క తీసే సూది మా జిల్లాల దొరకదు. పక్క జిల్లాల గూడ దొరకలే. నేను తిరిగిన కాబట్టి చెప్తున్న.

మా ఇంటి పక్క కాక ఉంటడు. చుట్టం కాదు గని చిన్నప్పటి సంది కాకనే అంటం. ఇరవై ఏండ్లు కంకర మిషన్ కాడ పనిచేసిండు, రోజుకు కట్ట బీడీలు తాగిండు. పోయిన వానకాలం దగ్గు మొదలైంది. సర్కారు దవఖానల ఛాతి ఫొటో తీస్తే కుడి దిక్కు పైన మచ్చ కనబడ్డది. తెమడ పరీక్ష రెండు సార్లు చేసిండ్రు, టీబీ క్రిములు కనబడలే. అయినా ఫొటో జూసి దసరాకు ముందు టీబీ గోలీలు మొదలువెట్టిండ్రు.

దీన్ని నేను తప్పు పట్టను. మన దేశంల మచ్చ కనబడితే డాక్టర్‌కు ముందుగాల యాదికొచ్చేది టీబీనే. ప్రపంచం మొత్తంల ఉన్న టీబీల నాలుగో వంతు పైన మన దేశంలనే ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తెమడల క్రిమి దొరకకున్నా, లక్షణాలు, ఫొటో జూసి మందు మొదలువెట్టే పద్ధతి టీబీ కార్యక్రమంల ఉన్నది. గట్ల పెట్టకపోతే సచ్చిపోయేటోళ్లు మస్తుమంది ఉంటరు. గోలీలు ఫిరీ, తిన్నన్ని నెలలు పోషణకని నెలకు వెయ్యి రూపాయలు ఖాతల పడతయి. అదివరకు 500 ఉండె, 2024 నవంబర్ల వెయ్యి చేసిండ్రు. మంచి పనే.

తప్పు యాడ జరిగిందంటే, రెండు నెలల తర్వాత. టీబీ మందు మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. మామూలు టీబీ అయితే రెండు నెలలకే మనిషి తేరుకుంటడు. ఆకలైతది, జరమంత బరువు పెరుగుతడు, దగ్గు తగ్గుతది. కాకకు ఒక్కటి తగ్గలే. చిన్నమ్మ పోయి "సారూ, గోలీలు పనిచేస్తలేవు" అంటే, కోర్సు పూర్తి చేయిండ్రి అన్నరు. అయిదో నెలల, శివరాత్రి దగ్గరవడ్డంక, తెమడల నెత్తురు వడ్డది. అప్పుడు ప్రైవేటుల సీటీ తీపిస్తే మూడున్నర సెంటీమీటర్ల గడ్డ. అంచులు ముండ్ల లెక్క ఉన్నయని రాసిండ్రు. గట్ల ఉన్నదంటే అనుమానం గట్టిదన్నట్టు.

"ముక్క తీయాలె, పట్నం పోండ్రి." ఇదీ మా జిల్లా పెద్ద దవఖానల జవాబు. గా దవఖానల సీటీ మిషన్ ఉన్నది, ఆపరేషన్ థియేటర్ ఉన్నది, మెడికల్ కాలేజీ బోర్డు గూడ ఉన్నది. సూది లేదు.

ఇగ గీ సూది ఏందో జర చెప్త. ఎందుకంటే చెప్పకపోవుటితోనే సగం ఆగమైతున్నం.

సీటీ బల్ల మీద పండవెడతరు. గడ్డ ఏ దిక్కున్నదాన్ని బట్టి ఎల్లెలుకలనో, బోర్లనో. ఒక ఫొటో తీసి, గడ్డ చర్మానికి ఎంత లోతుల ఉన్నది, ఏ కోణంల పోవాలెనో కొలుస్తరు. గక్కడ మొద్దుబారే మందు ఇస్తరు, మనిషి మెలకువతోనే ఉంటడు. పక్కటెముకల సందుల నుంచి, కింది ఎముకకు పై అంచు పట్టుకొని సూది దించుతరు. ఎందుకంటే నెత్తురు నాళాలు ఎముక కింది అంచు పొంట పోతయి. దమ్ము బిగబట్టుమంటరు. మళ్లొక్క ఫొటో, సూది మొన గడ్డల ఉన్నదా లేదా చూసుకుంటరు. ఉంటే టప్పుమని చప్పుడైతది, దారం తునక అంత ముక్క వస్తది. గట్ల మూడు నాలుగు ముక్కలు. మనిషిని సూది పొడిచిన దిక్కే కిందికి పండవెట్టి, కొన్ని గంటలు చూసి, మళ్లా ఛాతి ఫొటో తీసి పంపిస్తరు. ఏం కాకపోతే అదే రోజు ఇంటికి.

ఇది కొత్త విద్య గాదు. ఛాతిల సూది పెట్టి ఊపిరితిత్తి రోగం తెలుసుకునుడు 1883ల జర్మనీల లేడెన్ అనే డాక్టర్ చేసిండు. సీటీ చూసుకుంట గురి పెట్టుడు 1976 సంది అచ్చుల ఉన్నది. యాభై ఏండ్ల పాత పని. గడ్డ ఛాతి గోడకు ఆనుకొని ఉంటే సీటీ గూడ అవసరం లేదు, కడుపుతోటి ఉన్నోళ్లకు చేసే అల్ట్రాసౌండ్ మిషన్‌తోనే గురి చూసి తీయొచ్చు. పెద్ద గాలిగొట్టాలకు దగ్గర ఉంటే నోట్లకెళ్లి పైపేసి తీస్తరు. అన్ని మచ్చలకు సూది అక్కర లేదు గూడ. శెనగ్గింజ కన్న చిన్నగ ఉంటే కొన్ని నెలలాగి మళ్ల స్కాన్ తీసి, పెరిగిందా లేదా చూస్తరు. కానీ మూడున్నర సెంటీమీటర్ల గడ్డకు ఆగుడేంది?

ప్రమాదం లేదా అంటే ఉన్నది, దాచిపెట్టొద్దు. ఊపిరితిత్తి గాలి బుగ్గ లెక్కటిది. సూది గుచ్చితే గాలి బయటికొచ్చి ఊపిరితిత్తికి, ఛాతి గోడకు నడుమ చేరుతది. అయిదారుగురిల ఒకరికి గట్లైతది. ఎక్కువమందికి అదే సదురుకుంటది. ఇరవైమందిల ఒకరికి అటుఇటుగ ఛాతిల పైపేసి గాలి తీయాల్సి వస్తది. బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడైనోళ్లకు గీ భయం ఎక్కువ. కొందరికి దగ్గుల నెత్తురు పడతది, చాలామట్టుకు తనంతటదే ఆగుతది. పానం పోవుడు శాన అరుదు. నెత్తురు పలచన చేసే గోలీలు వాడేటోళ్లు ముందే చెప్పాలె, కొన్ని రోజులు ఆపాల్సి ఉంటది.

ఊర్లల్ల ఇంకో మాట మస్తు తిరుగుతది. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతది, కదిలియ్యొద్దు అని. చిన్నమ్మ అన్నదమ్ములు గదే మాట మీద పది రోజులు కాకను కదలనియ్యలే. సూది పోయిన తొవ్వల రోగం మొలుచుడు వెయ్యిమందిల ఒకరికి గూడ కాదు. పాకేది రోగం, దాని పనే అది. మనం సూది పెట్టినా పెట్టకున్నా పాకుతది. పెట్టకపోతే మనకు తెల్వదు, గంతే తేడా.

మేం పట్నంల మొదలు ఒక ప్రైవేటు సెంటర్‌కు పోయినం. సన్న సూదితోని గుంజిండ్రు. దాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటరు, కణాలు వస్తయి గని ముక్క రాదు. సూదికి, స్కానుకు, ల్యాబుకు అన్ని కలిపి పదకొండు వేలయినయి. బస్సు కిరాయిలు, రూము వేరే. వారం తర్వాత రిపోర్ట్ వచ్చింది. ఇంగ్లీషుల నాలుగు లైన్లు. చచ్చిపోయిన కణాలు, వాపు ఉన్నయి, క్యాన్సర్ కణాలు కనబడలే, మిగతా పరీక్షలతోని కలిపి చూడాలె అని దాని అర్థం. మొదటి మూడు ముచ్చట్లే మా చెవులకెక్కినయి. కాక ఇంట్ల కోడిని కోసిండ్రు.

గా కాయితం నేనే చదివి చెప్పిన. పదో తరగతి దాటనోడిని. పేపర్లు, పుస్తకాలు చదువుకుంట నేర్చుకున్న ఇంగ్లీషు నాది. "కనబడలే" అంటే "లేదు" అని అర్థం గాదని నాకు అప్పుడు తెల్వదు. పెద్ద గడ్డల నడిమిల కణాలు చచ్చిపోయి ఉంటయి. సూది గక్కడికి పోతే చచ్చినయే వస్తయి, బతికున్న క్యాన్సర్ అంచుల కాడ ఉంటది. స్కాన్ అనుమానం చెప్తున్నప్పుడు సూది ఏం చెప్పకపోతే మళ్ల తీయాలె, ఈసారి లావు సూదితోని ముక్క తీయాలె. గీ మాట మాకు చెప్పిన మనిషి లేడు. రిపోర్ట్ ఇచ్చిన కౌంటర్ కాడ పిలగాడు సంచిల పెట్టి ఇచ్చిండు. నెలన్నర పోయింది. చదివింది నేనే గదా, గది నా మీద ఉంటది.

తర్వాత పట్నం సర్కారు దవఖానల పేరు రాసుకొని మూడు వారాలు ఆగితే లావు సూదితోని ముక్క తీసిండ్రు. అక్కడి డాక్టరమ్మ మంచిగ చెప్పింది, సంతకం పెట్టే కాయితం గూడ తెలుగుల చదివి వినిపిచ్చింది. ఊపిరితిత్తి క్యాన్సర్, అడినోకార్సినోమా అనే రకం. అప్పటికి బొక్కలకు పాకింది. దసరాకు ముందు మొదలైన కథ రోగం పేరు తేలేసరికి ఎండకాలం ఒడిసింది.

ఇప్పుడు మళ్ల బడ్జెట్ కాడికొస్త. సుంకం ఎత్తేసిన ఒసిమెర్టినిబ్ అనే గోలీ అందరికి పనిచేయది. క్యాన్సర్ కణాల్ల ఈజీఎఫ్ఆర్ అనే జన్యువుల మార్పు ఉన్నోళ్లకే పనిచేస్తది. మన దేశంల గీ అడినోకార్సినోమా రకం వచ్చినోళ్లల్ల నలుగురిల ఒకరికి అటుఇటుగ ఆ మార్పు ఉంటది, బీడీ సిగరెట్ ముట్టని ఆడోళ్లల్ల ఇంకా ఎక్కువ. మార్పు ఉంటే కీమో సీసాల కన్న ముందు గోలీ, ఇంటి కాడ ఉండి మింగేది. ఇదే జాతిల గెఫిటినిబ్ అనే పాత గోలీ మన కంపెనీలే చేస్తున్నయి, శాన తక్కువ ధరకు దొరుకుతది. కానీ మార్పు ఉన్నదా లేదా చూడాలంటే మళ్ల అదే ముక్క కావాలె, సరిపోయేటంత కావాలె. కాక ముక్క రోగం పేరు తేల్చేటందుకే అయిపోయింది. మళ్ల సూది పెడదామంటే కాక ఆయాసంతోని బోర్ల పండలేకపోయిండు. నెత్తురుల చూసే పరీక్ష ఉన్నది గని గా పైసలు మా కాడ లేవు. ఇప్పుడు కీమో నడుస్తున్నది, మూడు సార్లయింది. గోలీ పనిచేసేదో లేదో మాకు తెల్వదు.

సుంకం మాఫీ ఎవరికి అందింది మరి? పట్నంల ఉండి, మొదటి వారమే లావు సూదితోని ముక్క తీయించుకొని, జన్యు పరీక్షకు పైసలు కట్టినోళ్లకు. మన దేశంల 2022ల ఊపిరితిత్తి క్యాన్సర్ కొత్తగ వచ్చినోళ్లు 81 వేల పైన, పోయినోళ్లు 75 వేలు అని అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ అంచనా. రెండు అంకెలు గంత దగ్గరగ ఎందుకున్నయో చూడుండ్రి. ఎక్కువమంది చివరి దశల దొరుకుతున్నరు. ఇది తేలినోళ్ల లెక్క. టీబీ గోలీలు మింగుకుంటనే పోయినోళ్లను ఏ లెక్కల రాసుకోవాలె?

కంకర మిషన్లు, గ్రానైట్ క్వారీలు, పలుగురాళ్ల మిల్లులు ఎక్కడున్నయి? జిల్లాలల్ల. రాతి దుమ్ము, అంటే సిలికా, క్యాన్సర్ తెచ్చేదని గా సంస్థనే 1997ల తేల్చింది. దుమ్ము పట్టినోళ్లకు టీబీ గూడ జల్ది వస్తది. అంటే ఒక్క ఛాతిలనే మూడు అనుమానాలు: దుమ్ము, టీబీ, క్యాన్సర్. మూడూ ఫొటోల ఇంచుమించు ఒక్క తీరుగ మచ్చలే. ముక్క తీసి చూసే అవసరం ఎక్కువ ఉన్న జాగల్లనే ముక్క తీసేటోళ్లు లేరు.

డాక్టర్లను తిట్టి చేతులు దులుపుకునే ముచ్చట గాదిది. మా జిల్లా దవఖానల పిల్ల డాక్టర్‌తోని కూసోని మాట్లాడిన. ఆయనకు సూది పెట్ట వస్తది, చదువుకునేటప్పుడు పెట్టిండు. ఇక్కడ ఎందుకు పెట్టడంటే, పగటి పూట తీసినంక రాత్రి గాలి చేరి దమ్ము ఆడకపోతే పైపేసే మనిషి ఉంటడన్న నమ్మకం లేదు. తీసిన ముక్క చదివే పాథాలజిస్టు ఒక్కరే, ఆమె సెలవు పెడితే రిపోర్ట్ ఆగుతది. సూది తన జేబుల నుంచి కొనాల్నా, రోగితోని కొనిపియ్యాల్నా తెల్వదు. పైంగ ఏమన్నయితే చుట్టాలొచ్చి అద్దాలు పలగ్గొడతరు. పట్నం పంపితే ఎవరు అడగరు. ఒక్క పంపుడుతోని ఆయన బరువు దిగుతది, మన నెత్తికెక్కుతది. ఆయన చెప్పినయి అన్ని నిజాలే. అయితే ఇండ్ల కోట్లు కావాల్సిన పని ఒక్కటి గూడ లేదని నేను అంటున్న.

మన రాష్ట్రంల జిల్లాకో సర్కారు మెడికల్ కాలేజీ అన్న లెక్క దాదాపు పూర్తయింది. కాలేజీ ఉన్నదంటే రేడియాలజీ, ఛాతి, పాథాలజీ, సర్జరీ విభాగాలు ఉండాలె. నాలుగు విభాగాలు కలిసి వారానికి ఒక్క రోజు, ఒక్క పూట, సూది పెట్టే దినం పెట్టుకోలేవా? పొద్దుగాల తీస్తరు, సాయంత్రం దాక చూస్తరు, ఆ రాత్రికి పైపేసే డాక్టర్ పేరు డ్యూటీ చార్ట్‌ల రాస్తరు. ముక్క చదివేటోళ్లు లేకుంటే ఫార్మలిన్ డబ్బల పెట్టి పట్నం పంపుండ్రి. ముక్క బస్సుల పోతది, అరవై ఏండ్ల ముసలాయన ఎందుకు పోవాలె? నెత్తురు, మూత్రం నమూనాలు జిల్లా ల్యాబుకు పోయి రిపోర్ట్‌లు ఫోన్లకొచ్చే ఏర్పాటు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతోని 2018 సంది మన కాడ నడుస్తున్నదే గదా. గా బండ్లనే ముక్కను గూడ ఎక్కించుండ్రి.

రెండో పని టీబీ కార్యక్రమంల కావాలె. తెమడల క్రిమి దొరకకుండ ఫొటో జూసి మందు మొదలువెట్టినోళ్లను రెండు నెలలకు మళ్ల ఫొటో తీసి చూడాలె. మచ్చ తగ్గకపోతే కోర్సు పూర్తి చేయమనుడు బంద్ జేసి సీటీకి, అవసరమైతే సూదికి పంపాలె. తీసిన ముక్కలల్ల ఒకటి ఫార్మలిన్ల గాకుండ సెలైన్ల వేసి టీబీ పరీక్షకు పంపాలె. ఫార్మలిన్ల వేస్తే క్రిమి సచ్చిపోతది, కల్చర్ పరీక్షకు పనికిరాదు. ఒక్క సూదితోని రెండు అనుమానాలు తేలుతయి. గీ సంగతి తెల్వక మొత్తం ముక్కలను ఫార్మలిన్ల పడేసే జాగలున్నయని గా పిల్ల డాక్టరే చెప్పిండు. మీ ఇంటోళ్లకు చేసేటప్పుడు అడుగుండ్రి, సిగ్గుపడకుండ్రి. సన్న సూదా లావు సూదా అని గూడ అడుగుండ్రి. రిపోర్ట్‌ల "కనబడలే" అని వస్తే, మళ్ల తీయాల్నా అని అడగకుండ ఇల్లు చేరకుండ్రి.

ఇగ పైసల ముచ్చట. పథకాల ఆలోచనంత రోగం పేరు తేలినంక మొదలైతది. ఆపరేషన్‌కు ఇంత, కీమోకు ఇంత. పేరు తేలేదాక అయ్యే ఖర్చు మనిషిదే అన్నట్టు నడుస్తున్నది. కాకకు గా ఖర్చు ముప్పై ఎనిమిది వేలయింది, రాసిపెట్టిన. అండ్ల ఇరవై వేలు మిత్తికి తెచ్చినయి, నూటికి మూడు రూపాయలు. పది లక్షల పరిమితి ఉన్న కార్డు ఇంట్ల ఉన్నది, దాని కాడికి పోయే తొవ్వకు అప్పు చేయాల్సొచ్చింది. పరిమితి పెంచిన సర్కారు, క్యాన్సర్ అనుమానంతోని తీసే సీటీ, సూది, ముక్క పరీక్ష, జన్యు పరీక్షను, రిపోర్ట్ ఏం వచ్చినా సరే, పథకంల కట్టాలె. క్యాన్సర్ కాదని తేలినోళ్లకు గూడ కట్టాలె. కాదని తెలుసుకునుడు గూడ వైద్యమే.

రేపు జిల్లా దవఖానల డే కేర్ సెంటర్ తెరుస్తరు. రిబ్బన్ కట్ చేస్తరు, మంచాలు, కుర్చీలు, ఏసీ ఉంటయి. ఊపిరితిత్తి గడ్డతోని వచ్చినోడు గా గుమ్మంల నిలబడితే మొదటి మాట ఏమంటరో నాకు ఎరుకే. బయాప్సీ రిపోర్ట్ ఏదీ అంటరు.

మేం ఊరుకోలే. ఏడాదిల సీటీ మిషన్ మీద ఎన్ని స్కాన్లు తీసిండ్రు, ఎంతమందికి ఊపిరితిత్తి ముక్క తీసిండ్రు, ఎంతమందిని పట్నం పంపిండ్రు, బయాప్సీ సూదులు ఎన్ని కొన్నరు అని సమాచార హక్కు కింద అడిగినం. చట్టం ప్రకారం 30 రోజులల్ల చెప్పాలె. దాటిపోయినయి, మొదటి అప్పీలు వేసినం. సోమవారం ప్రజావాణిల సూది దినం గురించి దరఖాస్తు గూడ పెట్టినం, పద్నాలుగు ఊర్ల నుంచి కంకర మిషన్ కూలీల సంతకాలు, ఏలిముద్రలు ఉన్నయి దాని మీద. మొదటి ఏలిముద్ర కాకది. రశీదు ఇచ్చిండ్రు. మీ జిల్లాల గూడ అడుగుండ్రి, వచ్చిన జవాబు మాకు పంపుండ్రి. అన్ని ఒక్క కాడ పెట్టి అచ్చేస్తం.